ఏడుగురు ఈరన్నలు

సాయంత్రం ఆరింటికి జిన్నింగు మిల్లు కూత పడతానే
కొంగుకంటిన దూది దులుపుకొని
ఆదోని కమ్యూనిటీ కాలేజీకి నడుస్తాను.
పేరుకే కాలేజీ.
పాత సైకిల్ స్టాండుకు గోడలు లేపి
పదకొండు కంప్యూటర్లు పెట్టినారు.
రెండు పలకవు.
నాదానికి ఎంటర్ మీట ఊడిపోతే
ఎవరో చింతగింజ అతికించి పోయినారు.

చేరే రోజు ఫారంలో
చదువు అనే గడి ఖాళీగా వదిలేస్తే
గుమాస్తా అందులో సున్నా కొట్టినాడు.
ఏడో తరగతి సగం దాకా చదివినా
ఆ పొద్దు నోరు పెగల్లేదు.

డేటా ప్రాసెసింగ్, అని బోర్డు మీద రాసి
వన్నూరప్ప సార్ వెనక్కి తిరిగినాడు.
అంటే ఏంది?
ఎవరూ పలకలేదు.
నేను మాత్రం నోట్సులో
మా ఇంటి మాట ఒకటి రాసుకున్నాను:
ఏకడం.

మా నాయన ఖాసీంపీరా
దూదేకే విల్లు భుజాన వేసుకొని
ఎమ్మిగనూరు నుంచి ఆలూరు దాకా తిరిగినోడు.
గడ్డకట్టిన పరుపు విప్పి
నారి మీద కొయ్యపిడితో కొడితే, ఝుంయ్,
దుమ్ము ఒకపక్క, నలుసు ఒకపక్క,
దూది మాత్రం గాలిలోకి లేచేది.
చీకిన దూది పారేయొద్దు,
కొత్తదాంట్లో కలుపు, అనేటోడు.
పడుకున్నోడి ఒళ్లు గుర్తుపట్టేది పాతదే గదా.

నా పక్కన కూర్చునేది ఉరుకుందమ్మ, పంతొమ్మిదేళ్ల పిల్ల.
అక్కా, ఎలుకను అంత గట్టిగా పట్టుకోవాకు,
సచ్చిపోతది, అంటాది.

నిన్న సార్ ఒక షీటు ఇచ్చినాడు.
మార్కెట్ యార్డు పత్తి లాట్లు,
నాలుగు వందల పన్నెండు వరుసలు.
పేరు, ఊరు, తూకం, ధర.
శుభ్రం చేయండి, అన్నాడు.

పత్తి ఒకచోట ప్రత్తి.
ఇంకోచోట ఒత్తు జారిపోయి పతి.
క్వింటాలు పతి ఏడువేల రెండొందలు!
అంత ధర పెట్టి ఎవరు కొంటారక్కా,
ఉరుకుందమ్మ బల్ల మీద పడి నవ్వింది.

ధర గడిలో కొందరికి సున్నా,
కొందరికి ఖాళీ.
రెండూ ఒకటే గదా సార్, అన్నారెవరో.
నేను లేచి నిలబడినాను.
కాదు సార్.
సున్నా అంటే వచ్చినారు, పత్తి పిడికిట్లో పిసికి చూసినారు,
తడిసిందన్నారు, పోయినారు.
ఖాళీ అంటే
ఆ లాటు దగ్గరికి ఎవరూ రానేలేదు.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
తర్వాత ఒక మీట చూపించినాడు.
రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేసేది.
ఒక్క నొక్కుతో
నాలుగు వందల ఆరు.
చూసినారా ఎంత నున్నగా అయిందో!

పోయింది ఎవురని చూస్తే
పెద్దతుంబళం ఈరన్నలు.
ఉరుకుంద సామికి మొక్కుకున్న కడుపులన్నిటికీ అదే పేరు.
ఏడుగురిలో ఒకడే మిగిలినాడు.

వాళ్లను నేను పేరుతో ఎరగను, పత్తితో ఎరుగుదును.
ఒకడి బస్తాకు పెండ్లాం చీర అంచుతో కుట్టు ఉంటాది.
ఇంకొకడి దాంట్లో ఎప్పుడూ తొడిమ ముక్కలే, మేస్త్రీతో తిట్లు తింటాడు.
ముసలాయన ఒకడు నీళ్లు తాగి
చెంబు కడిగి ఇస్తాడు.

కంట్రోలు పట్టుకొని జెడ్ నొక్కినాను.
ఆరుగురూ
ఒకే బస్సు దిగినట్టు దిగినారు.

సార్, ఇంకో కాలమ్ కావాల.
ఏం పేరు పెడతావమ్మా, తండ్రి పేరా?
నలుగురి తండ్రులు కూడా ఈరన్నలే సార్.
గది గదంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

అప్పుడే కరెంటు పోయింది.
యూపీఎస్ కోడిపిల్ల మాదిరి అరుస్తాంది.
అయిదు నిమిషాలే, సేవ్ చేసుకోండి, అని
చీకట్లో సార్ గొంతు.

కొత్త కాలమ్‌కు పేరు తట్టలేదు ఇంకా.
చింతగింజ మీద వేలు ఆనించి
ఊరికే కూర్చున్నాను,
నారి బిగించినంక
మా నాయన
కొట్టేముందు ఒక్క గడియ ఆగినట్టు.